ముందుకు జరగండి

పదకొండేండ్లు ఒకటే మాట అరిచినా,
ఆదోని డిపో, కర్నూలు బస్సు, వెనక తలుపు కాడ:
"ముందుకు జరగండి, ముందుకు జరగండి,
లోపల ఎంతో చోటుంది."
ఎవరూ జరగలేదు.
నా కండ్లు జరిగినాయి.

మొదట కుడిది, ఎండాకాలం మొదట్లో.
కోడుమూరులో ఎక్కిన ముసలాయన
చిల్లర అడగబోయి ఆగిపోయినాడు:
"ఏమ్మా, అట్ల గుడ్లురుముతావు?"
ఉరిమింది లేదు తాతా.
చూపు పాతదే, రెప్పలే వెనక్కి పోయినాయి.
పాసులు చూపించే కాలేజీ పిల్లోళ్ళు తలలొంచుకున్నారు.
మా ఆడబిడ్డ సుంకులమ్మ వీధంతా చెప్పుకొచ్చింది,
"ఉరుకుందమ్మకు పర్మినెంటు అయినాంక
కండ్లు నెత్తికెక్కినాయి" అని.

తర్వాత లెక్క తప్పింది.
పైకి చూస్తే కడ్డీ మీద కడ్డీ,
చెయ్యి మీద చెయ్యి, మనిషి మీద మనిషి.
యాభై రెండు మందికి నూట నాలుగు తలకాయలు.
ఎమ్మిగనూరు కాడ చెకింగు వాళ్ళు ఎక్కితే
ఇద్దరో నలుగురో
దిగిపోయేదాకా తెలియలేదు.

పెద్దాసుపత్రిలో గొంతు తడిమి, రక్తం తీసి,
థైరాయిడ్ అన్నారు.
గొంతులో ఉండేదానికి కంటితో ఏం పని?
డాక్టరమ్మ జవాబు చెప్పకుండా
ఎర్రమూత పెన్ను పట్టి చూడమంది, ఒక్కో కన్ను మూసి.
ఎడమ కంటికి అది కొత్త ఎండుమిరప.
కుడి కంటికి అదే మిరప, పోయినేటిది,
యార్డులో ఎండకు వెలిసిపోయింది.
ఆ మాటకు ఆమె నవ్వలేదు. స్కాన్ రాసింది.

గదిలో చలి.
మిషన్ నడిపే మౌలాలి "కండ్లు మూసుకోమ్మా" అన్నాడు.
మూతపడవు నాయనా,
మూడు నెలలుగా తడిగుడ్డ కప్పుకొని పండుకుంటాన్న.
పక్కామెకు ఎక్కించిన మందు నాకు లేదా అంటే
"దాంట్లో అయోడిన్ ఉంటుంది, నీ గొంతుకు పడదు. కదలొద్దు."
బల్ల నన్ను గుండ్రటి బిలంలోకి తీసుకుపోయింది.
కండక్టరు లేని బస్సు.

నా తలకాయను ఉల్లిగడ్డ మాదిరి పలచగా తరిగి
తెర మీద పరిచినాడు. చూపించమని నేనే బతిమాలినా.
తొడిమెలతో రెండు వంకాయలు, పక్కపక్కన.
తొడిమె అంటే నరమంట. చూపు నడిచే తోవ.
చుట్టూ గుడ్డును తిప్పే కండరాలు,
కొసలు సన్నం, నడుమ లావు,
మా అమ్మ మిల్లులో ఎత్తి పెట్టే నూలుకండెలు అచ్చం అట్లే.
ఈ పక్క ఎముక నుంచి ఆ పక్క ఎముకకు గీటు గీసి
గీటు నుంచి గుడ్డు కొసకు కొలిచినాడు.
కుడిది ఇరవై నాలుగు మిల్లీమీటర్లు.
"ఇరవై ఒకటి దాటకూడదు."

కడాకు వేలు పెట్టినాడు, కంటిగుంత అడుగున
ఎముక ఇరుకైపోయే చోట.
అది నాకెవరూ చెప్పక్కర్లేదు.
సంత దినం వెనక తలుపు అది.
నలుగురు లావుపాటోళ్ళు, నడుమ ఒక బక్కపిల్ల
ఊపిరాడక, అరవను నోరు రాక, కడ్డీ పట్టుకొని.
ఆ పిల్లే నా చూపు.

మూడు దినాలు సూదులంట. తగ్గకపోతే
ఎముక గోడ కొంచెం తీసి లోపల చోటు చేస్తారంట.
"ఇంట్లో ఎవరు పొగ తాగుతారు?"
ఇంట్లో ఎవరూ లేరు. బస్సులో డ్రైవరు లింగన్న, బీడీ.
అది కూడా కాయితం మీద రాసుకుంది డాక్టరమ్మ.
లింగన్నకు ఎట్ల చెప్పేది?

రేపు చేరాలని, గుడ్డలకోసం బస్సెక్కినా.
సీటులో కూచోవడం కొత్త.
కవర్లోని ఫిలిం కిటికీ ఎండకు పట్టి
ముక్క ముక్కా వెతికినా,
పొగరు యాడుందో సుంకులమ్మకు చూపిద్దామని.
బూడిదరంగు. తెలుపు. నలుపు.
పక్కసీటు పిల్లోడు తొంగి చూసినాడు.
"ఎవరి ఫోటో అక్కా?"
"నాదే."
"మూతి యాడ?"

నేను ఏదో చెప్పబోయేంతలో
వెనకనుంచి కొత్త కండక్టరు, ఇంకా గొంతు పగలని పిల్ల, అరిచింది:
"ముందుకు జరగండి!"
నాకు తెలియకుండానే
చేత్తో కుడికన్ను పట్టుకున్నా.